పడకగది టీవీకి తక్కువ ధరలో వైఫై స్టిక్: ఏది తీసుకోవాలి?

గోదావరి గట్టు (శుక్రవారం, రాత్రి 9.40)

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. హాల్లో ఉన్న టీవీకి కేబుల్ ఉంది. పడకగదుల్లో మరో రెండు టీవీలు ఉన్నాయి, వాటి గురించే ఈ ప్రశ్న.

అమ్మానాన్నల గదిలో 2014లో కొన్న 32 అంగుళాల మామూలు ఎల్‌ఈడీ టీవీ ఉంది. దానికి ఇంటర్నెట్ లేదు, హెచ్‌డీఎంఐ రంధ్రాలు మాత్రం రెండున్నాయి. మా గదిలోది 2019 నాటి స్మార్ట్ టీవీ. పేరుకే స్మార్ట్, ఏ యాప్ తెరిచినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. రెండింటికీ చెరొక స్టిక్ (టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రంలో గుచ్చితే వైఫైతో యాప్‌లు చూపించే చిన్న పరికరం) పెడదామని ఆలోచన. ఒక్కోదానికి 3,000 రూపాయలు, రెండూ కలిపి 6,000 దాటకూడదు.

అమ్మకు 68 ఏళ్లు. వంట పనిలో పడి తప్పిపోయిన సీరియళ్లు, పాత సినిమాలు, పొద్దున్నే సుప్రభాతం ఆమెకు కావాలి. నాన్నగారికి 74, చెవి మందం. ఆయనకు వినపడేలా శబ్దం పెంచితే పక్క గదిలో ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి ఇబ్బంది. మా నెట్ ప్లాన్ వేగం 40 ఎంబీపీఎస్. దీన్ని 100కు పెంచాలా? దయచేసి అనుభవం ఉన్నవారు చెప్పండి.

మూడో అంతస్తు (శుక్రవారం, రాత్రి 10.05)

అమెజాన్ వారి ఫైర్ టీవీ స్టిక్ తీసుకోండి. మా ఇంట్లో ఐదేళ్లుగా వాడుతున్నాం. రిమోట్‌లో మైకు బటన్ నొక్కి సినిమా పేరు చెబితే చాలు, వచ్చేస్తుంది. పండుగ అమ్మకాలప్పుడు ధర బాగా తగ్గుతుంది. కాస్త ఆగగలిగితే ఆగండి.

కృష్ణా కాలువ (శుక్రవారం, రాత్రి 10.30)

గూగుల్ వారి పాత క్రోమ్‌కాస్ట్‌లు సెకండ్‌హ్యాండ్‌లో వెయ్యి లోపే దొరుకుతున్నాయి. బడ్జెట్ ముఖ్యమైతే అవి చూడండి. ఫోనులో వీడియో పెట్టి గుర్తు నొక్కితే టీవీలో వచ్చేస్తుంది. వీడియోను అది నేరుగా నెట్ నుంచే తీసుకుంటుంది కాబట్టి ఫోను బ్యాటరీ కూడా ఖర్చు కాదు.

పాత రేడియో (శనివారం, ఉదయం 6.15)

కృష్ణా కాలువ గారూ, మీరు చెప్పింది మీలాంటి వారికి సరిపోతుంది. కానీ ఆ గదిలో టీవీ చూసేది 68 ఏళ్ల తల్లి. క్రోమ్‌కాస్ట్‌కు మొదట్లో రిమోటే లేదు. 2020లో గూగుల్ టీవీతో వచ్చిన మోడల్‌తోనే రిమోట్ ఇచ్చారు. అంతకుముందు వాటిలో ప్రతిదానికీ ఫోను పట్టుకోవాలి. మధ్యలో ఫోను మోగితే ఆమె కంగారు పడుతుంది. నా వయసు 71. మా ఇంట్లో మనవడు పెట్టి వెళ్లిన అలాంటి పరికరం ఏడాది పాటు టీవీ వెనక వేలాడింది. వాడు వచ్చినప్పుడే అది పనిచేసేది.

పైగా 2013 నాటి మొదటి క్రోమ్‌కాస్ట్‌కు గూగుల్ 2023లో మద్దతు ఆపేసింది. రెండో తరం వాటికి 2025 మార్చిలో ఒక భద్రతా ధ్రువీకరణ గడువు తీరిపోయి ప్రపంచమంతటా కొన్ని రోజులు పనిచేయలేదు. తర్వాత సరిచేశారు. ఆ పేరుతో కొత్తవి చేయడం కూడా 2024లోనే మానేశారు. వెయ్యి రూపాయలైనా, ఇప్పుడు వాటి మీద పెట్టడం నాకు నచ్చదు.

అమ్మగారి చేతిలో రిమోట్ ఉండాలి. నా మొదటి షరతు అదే.

కృష్ణా కాలువ (శనివారం, ఉదయం 8.02)

నిజమే అండీ. అమ్మగారి వైపు నుంచి నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను.

వరంగల్ వైరు (శనివారం, ఉదయం 11.20)

గోదావరి గట్టు గారూ, నేను ఇళ్లకు, దుకాణాలకు నెట్‌వర్క్ అమర్చే పనిలో 14 ఏళ్లుగా ఉన్నాను. స్టిక్ కొనకముందు ఒక పని చేయమని బతిమాలుతున్నాను. ఫోను తీసుకుని రెండు పడకగదులకూ వెళ్లండి. తలుపు దగ్గర నిలబడి చూస్తే చాలదు. ఫోనును టీవీ వెనక్కు, స్టిక్ వచ్చే చోటికి చేర్చి వేగం కొలవండి. రాత్రి 9 గంటలప్పుడు, ఇంట్లో అందరూ వాడుతున్న సమయంలో కొలవండి.

ఎందుకంటే, నన్ను పిలిచి ‘స్టిక్ బాగాలేదు’ అని చెప్పిన ఇళ్లలో చాలా చోట్ల స్టిక్ బాగానే ఉంది. గదికి వైఫై చేరడం లేదు.

ప్లాన్ పెంచాల్సిన పని లేదు. 1080 స్థాయి వీడియోకు 5 ఎంబీపీఎస్ చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. అంతకన్నా బాగా స్పష్టమైన 4కె బొమ్మకు 15 అంటోంది. రెండు గదుల్లో ఒకేసారి చూసినా మీకు కావలసింది 10. మీ 40లో ఇంకా 30 మిగులుతుంది. 100 తెచ్చి హాల్లో పోస్తే పడకగదికి వచ్చేది పెరగదు.

రూటర్‌లో సాధారణంగా రెండు పౌనఃపున్యాలు ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళుతుంది, కానీ చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అందులోనే కిక్కిరిసి ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. రెండింటిలోనూ విడివిడిగా కొలిచి అంకెలు ఇక్కడ రాయండి. ఆ తర్వాత ఏది కొనాలో మాట్లాడుకుందాం.

చేనేత చుక్క (శనివారం, మధ్యాహ్నం 2.45)

మా అనుభవం చెబుతాను, ఇంకెవరూ అలా మోసపోకూడదని.

రెండేళ్ల క్రితం మా ఊరి మార్కెట్‌లో ఒక ఆండ్రాయిడ్ డబ్బా కొన్నాం. ధర 1,800. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 8కె అని ఉంది. సినిమాలన్నీ ఉచితమని అమ్మినాయన చెప్పాడు. ఇంటికి తెచ్చి డబ్బు కట్టిన యాప్ తెరిస్తే బొమ్మ మసక. మనుషుల ముఖాలు కూడా సరిగా తెలియలేదు. వైడ్‌వైన్ ఎల్1 అనే ధ్రువీకరణ లేని పరికరాలకు నెట్‌ఫ్లిక్స్ లాంటివి హెచ్‌డీ బొమ్మ ఇవ్వవని అప్పటికి మాకు తెలియదు.

అది చిన్న నష్టమే. ఇలాంటి ధ్రువీకరణ లేని డబ్బాల్లో కొన్నింటిలో ముందే దొంగ ప్రోగ్రాములు పెట్టి అమ్ముతున్నారని, ఇంటి నెట్‌ను నేరగాళ్లు వాడుకుంటున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. బ్యాడ్‌బాక్స్ 2.0 అని దాని పేరు. మరుసటి నెలలో గూగుల్ కోర్టుకు వెళ్లింది, కోటికి పైగా పరికరాలు దాని బారిన పడ్డాయని చెబుతూ. ఆ వార్త చదివిన రోజే మా డబ్బా పీకేశాను. అదే వైఫైలో నేను చీరల అమ్మకం డబ్బులు ఫోనులో తీసుకుంటాను. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

దయచేసి పేరున్న, ధ్రువీకరణ ఉన్న పరికరమే కొనండి. వెయ్యి ఎక్కువైనా సరే.

నిర్వాహకులు (శనివారం, సాయంత్రం 4.00)

చేనేత చుక్క గారికి ధన్యవాదాలు. ‘అన్నీ ఉచితం’ డబ్బాల లింకులు ఈ చర్చలో పెట్టిన రెండు సందేశాలు తొలగించాం. మళ్లీ పెట్టవద్దని మనవి.

డాలస్ గడప (శనివారం, రాత్రి 8.30)

ఇక్కడ టెక్సస్‌లో మా ఇంట్లో రెండు పడకగదుల్లోనూ రోకు అనే ఇలాంటి పరికరమే ఉంది. చవక, రిమోట్ చాలా తేలిక. అయితే దాన్ని ఇండియాకు పంపించమని ఎవరికీ చెప్పను. రోకు ఇండియాలో అధికారికంగా అమ్మడం లేదు, మనకు కావలసిన యాప్‌లన్నీ అక్కడ అందులో దొరకవు. నేను ఒకసారి మా అత్తగారికి కానుకగా తీసుకెళ్లి ఆ సంగతి తెలుసుకున్నాను. ఊళ్లో వాడేది ఊళ్లోనే కొనాలి.

మా అమ్మ ఆరు నెలల కోసం ఇక్కడికి వచ్చినప్పుడు విజయవాడలో వాడుతున్న ఫైర్ స్టిక్‌ను సూట్‌కేసులో వేసుకుని వచ్చింది. అడాప్టర్ ఇక్కడిది పెట్టాం, అంతే. అలవాటైన రిమోట్, అలవాటైన తెర. వచ్చిన రాత్రే నిద్ర పట్టక తెల్లవారుజామున 3 గంటలకు తనంతట తానే టీవీ పెట్టుకుంది. పెద్దవాళ్లకు ఒకసారి ఒకటి అలవాటయ్యాక మార్చకుండా ఉండటం ఎంత ముఖ్యమో అప్పుడు అర్థమైంది. కాబట్టి ఇప్పుడు కొనేది కనీసం నాలుగైదేళ్లు నిలిచేదై ఉండాలి.

మూడో అంతస్తు (శనివారం, రాత్రి 9.10)

నిలవడం అనే మాట వచ్చింది కాబట్టి నా మొదటి సలహాను కాస్త సవరించుకుంటాను. మా ఐదేళ్ల స్టిక్ పనిచేస్తోంది, కానీ నెమ్మదించింది. అందులో మెమరీ 1 జీబీ. యాప్‌లు ఏటా బరువెక్కుతున్నాయి. హోమ్ నొక్కిన తర్వాత ఐదారు సెకన్లు ఆగాలి.

కృష్ణా కాలువ (శనివారం, రాత్రి 9.25)

అయితే 4కె స్టిక్ కొనమంటారా? వారిది 32 అంగుళాల టీవీ. 2014 నాటిదంటే ఎక్కువగా 1366, 768 చుక్కల తెరే ఉంటుంది. 4కె బొమ్మ దాని మీద ఎలాగూ కనిపించదు. వృథా కాదా?

వరంగల్ వైరు (శనివారం, రాత్రి 10.00)

మంచి ప్రశ్న. బొమ్మ కోసమైతే వృథాయే. నేను 4కె మోడళ్లు సూచించేది మెమరీ కోసం. షావోమీ విషయమే చూడండి. 2020లో 2,799 రూపాయలకు వచ్చిన ఎంఐ టీవీ స్టిక్‌లో 1 జీబీ ఉంటే, 2022లో 4,999కి వచ్చిన 4కె స్టిక్‌లో 2 జీబీ పెట్టారు. ఫైర్ టీవీలో 2023 నాటి స్టిక్ 4కె లోనూ 2 జీబీ ఉంది.

కానీ 4కె అని పేరుంటే 2 జీబీ ఉంటుందనుకోవద్దు. 2025లో వచ్చిన ఫైర్ టీవీ స్టిక్ 4కె సెలెక్ట్‌లో 1 జీబీయే. అది ఆండ్రాయిడ్ కూడా కాదు, వేగా అనే కొత్త వ్యవస్థ మీద నడుస్తుంది. అమెజాన్ వారి స్టోరులో ఉన్న యాప్‌లే వస్తాయి, బయటి నుంచి తెచ్చి ఎక్కించలేరు. దాని మీద 1 జీబీ సరిపోతుందని చెబుతున్నారు. అయినా కొనేముందు మీకు కావలసిన తెలుగు యాప్‌లన్నీ అందులో ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకోవాలి.

పెట్టె వెనక మూడు చూడండి: ర్యామ్ (అంటే నేను చెప్పిన మెమరీ) ఎంత, వైఫై 5 గిగాహెర్ట్జ్ ఉందా, బ్లూటూత్ ఉందా. మిగతా రాతలన్నీ పక్కన పెట్టవచ్చు.

గోదావరి గట్టు (ఆదివారం, రాత్రి 9.50)

వరంగల్ వైరు గారూ, మీరు చెప్పినట్టే కొలిచాను. హాల్లో 38. అమ్మానాన్నల గదిలో టీవీ వెనక 5 గిగాహెర్ట్జ్‌లో 21. మా గదిలో మాత్రం 5లో సిగ్నలే నిలవలేదు, 2.4లో 2 వచ్చింది. మూడుసార్లు కొలిచినా 2, 3 మధ్యే. మా గది హాలుకు ఆనుకునే ఉంది! అమ్మ వాళ్ల గదే దూరం. ఇదేమిటో అర్థం కావడం లేదు.

వరంగల్ వైరు (ఆదివారం, రాత్రి 10.10)

హాలుకు, మీ గదికి మధ్య గోడకు ఆనించి ఏముంది? రూటర్ ఎంత ఎత్తులో ఉంది?

గోదావరి గట్టు (ఆదివారం, రాత్రి 10.22)

బీరువా. మా పెళ్లినాటి ఇనుప బీరువా, దానికి నిలువుటద్దం. రూటర్ గోడకు అవతల, హాల్లో టీవీ బల్ల కింది అరలో ఉంది.

వరంగల్ వైరు (ఆదివారం, రాత్రి 10.31)

దొరికింది. రూటర్‌కూ మీ టీవీకీ నడుమ ఆరడుగుల ఇనుప రేకు నిలబెట్టారు. అద్దం వెనక పూత కూడా సిగ్నల్‌ను తిప్పికొట్టేదే. ఇటుక గోడను వైఫై కొంతవరకు దాటుతుంది, ఇనుమును దాటదు. బీరువా కదల్చడం కష్టం కాబట్టి రూటర్‌ను పైకి ఎక్కించండి. ఫైబర్ తీగ పొడవు చాలకపోతే మీ నెట్ కుర్రాడిని అడిగితే పొడవు తీగ వేస్తాడు. దాన్ని మీరే లాగవద్దు, వంచితే లోపలి గాజు విరుగుతుంది. గుమ్మం పైన అరమీదకో, షోకేసు మీదకో చేర్చి మళ్లీ కొలవండి. మీ గదికి స్టిక్ అప్పటివరకు కొనకండి.

పాత రేడియో (సోమవారం, ఉదయం 6.30)

నాన్నగారి చెవి విషయం ఎవరూ ఎత్తలేదు. ఇది నా సొంత సమస్య కూడా, కాబట్టి వివరంగా రాస్తాను.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టమని అందరూ చెబుతారు. నేనూ పెట్టాను. స్టిక్‌కు హెడ్‌ఫోన్ కలపగానే టీవీ స్పీకర్ మూగబోతుంది. నేను సినిమా చూస్తుంటే నా భార్య పక్కనే కూర్చుని పెదాల కదలిక చూడాల్సి వచ్చింది. రెండో రోజుకే ఆమె లేచి వేరే గదిలోకి వెళ్లిపోయింది. నలభై ఆరేళ్లుగా కలిసి సినిమా చూసిన మనుషులం. హెడ్‌ఫోన్ తీసి అల్మారాలో పెట్టేశాను.

తర్వాత మా మేనల్లుడు ఒక ఉపాయం చెప్పాడు. 600 రూపాయలకు తీగతో పనిచేసే చిన్న స్పీకర్ జత కొన్నాం. టీవీకి ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం ఉంటుంది కదా, అందులో పొడుగు తీగ గుచ్చి, గోడ వెంట తెచ్చి, మంచం తలవైపు బల్ల మీద స్పీకర్లు పెట్టాం. స్టిక్ నుంచి వచ్చే శబ్దం కూడా అందులోంచే వస్తుంది. పదడుగుల దూరంలో అరిచే టీవీ కన్నా, అడుగు దూరంలో మెల్లగా మాట్లాడే స్పీకర్ నాకు స్పష్టంగా వినిపిస్తుంది. ఆమెకూ వినిపిస్తుంది. తలుపు వేస్తే బయటికి దాదాపు వినపడదు.

నాన్నగారిని ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి వినికిడి పరీక్ష కూడా చేయించండి. నేను మూడేళ్లు వాయిదా వేశాను, వేయకుండా ఉండాల్సింది.

చేనేత చుక్క (సోమవారం, ఉదయం 10.15)

పాత రేడియో గారూ, మీ సందేశం మా ఆయనకు చదివి వినిపించాను. మా మామగారి గదిలో ఈ వారమే అలా పెడుతున్నాం.

గోదావరి గట్టు గారికి ఇంకో మాట. రీచార్జితో ఉచితంగా వచ్చే ఓటీటీలు చాలావరకు మొబైల్‌కే పరిమితం. స్టిక్ కొని ఆనందంగా తెరిస్తే ‘ఈ ప్లాన్ టీవీలో పనిచేయదు’ అని వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ 149 ప్లాన్ అంతే, టీవీలో చూడాలంటే కనీసం 199 ది కావాలి. జియోహాట్‌స్టార్‌లోనూ మొబైల్ ప్లాన్ వేరు. ఆహా, ఈటీవీ విన్ వంటివి కూడా మీ ప్లాన్‌లో టీవీ ఉందో లేదో చూసుకుని కట్టండి. అమ్మగారి పాత సినిమాలు, సుప్రభాతం యూట్యూబ్‌లోనే బోలెడు ఉంటాయి, మొదటి నెల దానితోనే గడపవచ్చు.

మూడో అంతస్తు (సోమవారం, మధ్యాహ్నం 1.00)

ఒక్క మాట. స్టిక్‌కు కరెంటు టీవీలోని యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. పాత టీవీల్లో అది అర ఆంపియరే ఇస్తుంది, స్టిక్‌కు ఒక ఆంపియర్ కావాలి. మాది సరిగ్గా పాట మొదలయ్యే సరికి ఆగి మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. పెట్టెలో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గుకు పెట్టాక ఆ బాధ పోయింది. టీవీ వెనక ప్లగ్గు ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి.

గోదావరి గట్టు (రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8.15)

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. జరిగింది చెబుతాను.

నెట్ కుర్రాడు వచ్చి ఐదు మీటర్ల తీగ వేశాడు, 250 తీసుకున్నాడు. రూటర్ ఇప్పుడు హాలు గుమ్మం పైన అరలో ఉంది. మా గదిలో 2 వచ్చిన చోట 19 వస్తోంది. ఆరేళ్లుగా తిట్టుకున్న స్మార్ట్ టీవీ ఇప్పుడు చక్కగా నడుస్తోంది. యాప్‌లు తెరుచుకోవడం కాస్త నెమ్మదే, కానీ ఒకసారి మొదలైతే ఆగడం లేదు. దానికి స్టిక్ కొనలేదు.

మిగిలిన డబ్బుతో అమ్మానాన్నల గదికి 2 జీబీ ఉన్న 4కె స్టిక్ తీసుకున్నాను. 4,500 అయింది. గోడకు బిగించిన టీవీ కావడంతో స్టిక్ నేరుగా దూరలేదు, రెండు అంగుళాల సందే ఉంది. పెట్టెలో ఇచ్చిన చిన్న హెచ్‌డీఎంఐ తీగతో పక్కకు తీసి వేలాడదీశాను. టీవీ రేకు చాటు తప్పడంతో వైఫై కూడా 21 నుంచి 26కు పెరిగింది. పాత రేడియో గారు చెప్పిన స్పీకర్లు 550కి దొరికాయి. అంతా కలిపి 5,300.

మొదటి రెండు రోజులు అమ్మ రిమోట్ ముట్టుకోలేదు. రిమోట్ అంతా నలుపు, బటన్లూ నలుపే, రాత్రి దీపం ఆర్పాక చేతికి ఏదీ తెలియడం లేదని మూడో రోజు చెప్పింది. నేను ఏదో ఒకటి అంటించాలని వెతుకుతుంటే తనే అద్దం మీద అంటించి ఉన్న మఖమల్ బొట్టుబిళ్ల ఒకటి తీసి మధ్య బటన్ మీద పెట్టింది. ఇంకో చిన్నది హోమ్ బటన్ మీద. ఇప్పుడు చూడకుండానే బొటనవేలితో తడిమి నొక్కుతోంది.

నాన్నగారికి వినికిడి పరీక్ష వచ్చే గురువారం.

పాత రేడియో (ఆదివారం, రాత్రి 8.40)

చాలా సంతోషం బాబూ. పరీక్షలో ఏం చెప్పారో ఇక్కడ రాయి. స్పీకర్ ఏ పక్కన పెట్టావు? బాగా వినపడే చెవి వైపు పెడితే శబ్దం ఇంకా తగ్గించుకోవచ్చు.

గోదావరి గట్టు (ఆదివారం, రాత్రి 9.05)

అమ్మ పడుకునే వైపు పెట్టాను అండీ. నాన్నగారిది కుడి చెవి మెరుగు, అంటే గోడ వైపు. రేపు తీగ అటు మారుస్తాను.